పుస్తకానికి కుట్టిన తొడుగు

పెద్దాసుపత్రి వెనక వైపు, బాయిలరు గదికీ మందుల గోదాముకీ మధ్య, పొడవాటి కుట్టు గది ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ గదికి పెద్ద ఒకాయనే. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు, డాక్టర్లతో సహా. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల చొక్కాలు, ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ఆకుపచ్చ గుడ్డలు, ఏదైనా సరే ఆయన చేతి మీదుగా పోవలసిందే. మనిషి పొడగరి, మితభాషి. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. ఆయన నవ్వగా చూశామనేవాళ్ళు ఆసుపత్రి మొత్తానికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ మాటా మిగతావాళ్ళు నమ్మరు.

అలాంటి మాస్టారు ఎవరికీ తెలియకుండా నవలలు చదివేవాడు. నవలలంటే లోకంలో జరిగే సంగతుల గురించి రాసినవి కావు. రెక్కల గుర్రాలు, మాట్లాడే కత్తులు, పొగమంచులో కదిలే కోటలు. అందులోనూ ఆయన్ని పట్టుకున్నది ఒకే ఒక్క కథ, ఏడు భాగాలది. పడవ నడిపేవాడి కూతురొకతి ఉంటుంది. వాళ్ళ దేశం మీద వీచే గాలిని పక్క రాజు ఎత్తుకుపోతాడు. తెరచాపలు వేలాడిపోయి, పడవలన్నీ ఒడ్డున పడి ఉంటే, ఆ పిల్ల గాలిని వెనక్కి తెస్తానని బయలుదేరుతుంది. దారిలో శత్రువుల సేనాపతి ఎదురవుతాడు. వాణ్ణి చంపుతానని ఒట్టు పెట్టుకున్న పిల్ల కాస్తా వాడి మీదే మనసు పడుతుంది. ఇదీ కథ.

ఇది ఆయనకి అంటుకున్నది ఆరేళ్ళ కింద. డిశ్చార్జి అయిపోయిన రోగి మంచం మీది దుప్పట్లలో చుట్టుకుని మొదటి భాగం కుట్టు గదికి వచ్చింది. అలా దొరికిన వస్తువులని ఆఫీసులో అప్పజెప్పాలి. అప్పజెబుదామనే చేతిలోకి తీసుకున్నాడు. ఏముందోనని నిలబడే ఒక పేజీ తిప్పాడు. ఆ పూట కూర్చోవడం మరిచిపోయాడు. వారం తరవాత పుస్తకాన్ని బుద్ధిగా ఆఫీసులో ఇచ్చేసి, అటునుంచి అటే బస్టాండు పక్కన పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గరికి వెళ్ళి, రెండో భాగం ఉందా అని అడిగాడు.

అడిగాక గానీ తను అడిగిందేమిటో తెలిసిరాలేదు. పుస్తకాలాయన ఆ భాగం తీసి, అట్ట మీద బొమ్మ చూసి, ఈయన నెరిసిన జుట్టు చూశాడు.

"మా అమ్మాయి తెమ్మంది" అన్నాడు మాస్టారు.

మాస్టారికి ఇద్దరూ కొడుకులే. లేని కూతురు ఆ క్షణంలో పుట్టింది. రెండో భాగం కొన్నప్పుడు పదో తరగతి, నాలుగో భాగానికి ఇంటరు, ఐదో భాగానికి డిగ్రీ. "మీ అమ్మాయి బాగా చదువుతోందా?" అని పుస్తకాలాయన ప్రతిసారీ అడిగేవాడు. ఒకసారి కాస్త దగ్గరికి జరిగి, "మరీ ఎక్కువ చదవనివ్వకండి మాస్టారూ. ఈ రకం పుస్తకాలు ఆడపిల్లల బుర్ర పాడుచేస్తాయి" అన్నాడు. "నేనూ అదే చెబుతుంటాను" అన్నాడు మాస్టారు, లేని కూతురి మీద విసుగు తెచ్చిపెట్టుకుని.

ఆ పిల్లలో ఆయనకి నచ్చినది కత్తియుద్ధం కాదు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళోకి నడిచి వెళ్ళి, తలెత్తి తన పేరు చెప్పుకుంటుంది. ఆకలేస్తే ఆకలంటుంది. మనసు పడితే మనసు పడ్డానంటుంది. యాభై ఆరేళ్ళలో మాస్టారు తనకి ఫలానాది కావాలని ఎవరినీ అడిగి ఎరగడు. సంబంధం వాళ్ళ నాన్న కుదిర్చాడు, ఉద్యోగం వాళ్ళ మేనమామ చూశాడు, ఇంట్లో కూర ఏమిటన్నది ఇప్పటికీ ఆయన అడగడు. మూడో భాగంలో ఆ పిల్ల సేనాపతి ఎదుట నిలబడి, "నిన్ను చంపడానికి వచ్చాను, చంపలేను, ఏం చేయమంటావు?" అన్న చోట, బస్సులో కూర్చున్న మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కంట్లో నలుసు పడిందని పక్కాయనకి చెప్పాడు. పాపం ఆయన ఊదుతానన్నాడు.

ఇష్టం ఎంతుందో సిగ్గు అంతకు రెండింతలుంది. అట్ట చూస్తేనే ప్రాణం చచ్చిపోయేది. ఎర్రటి దుస్తులేసుకుని, జుట్టు విరబోసుకుని, రెక్కల గుర్రం మీద ఆ పిల్ల. వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని చొక్కా లేని కుర్రవాడు. అందుకని మాస్టారు తనకు చేతనైన పని చేశాడు. ఆపరేషన్ గుడ్డల్లో మిగిలిన ఆకుపచ్చ ముక్క తీసుకుని పుస్తకానికి తొడుగు కుట్టాడు. అంచులు మడిచి, మూలలు ఏటవాలుగా తిప్పి, ఒక్కో మూలలో మూడు సన్నని చేతికుట్లు వేశాడు. భాగం మారినప్పుడల్లా తొడుగు మార్చి తొడిగేవాడు. చూసినవాళ్ళకి అదేదో కటింగ్ పుస్తకంలా ఉండేది. ఇంట్లో భార్యకీ అలాగే చెప్పాడు.

అంతటితో ఆగితే బాగుండేది. తన గుట్టు కాపాడుకోవడానికి ఎదుటివాళ్ళని తేలిక చేసి మాట్లాడడం కూడా అలవాటు చేసుకున్నాడు. కుట్టు గదిలో ఆయన కింద నలుగురు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. ఆయనకంటే మూడేళ్ళు పెద్దదైన పెద్దక్క, పక్కపక్క మిషన్ల మీద కూర్చునే అక్కాచెల్లెళ్ళిద్దరు, అందరికంటే చిన్నది పిచ్చుక. బక్కగా ఉండి, గలగలా మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పిచ్చుక మధ్యాహ్నం డబ్బా తింటూ వారపత్రికలో సీరియల్ చదువుకునేది. మాస్టారు అటుగా వెళ్తూ, "ఆ చెత్త చదివే టైములో నాలుగు కాజాలు కుట్టొచ్చు" అనేవాడు. ఒకసారి మేట్రన్ గారు తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ ముందే అన్నాడు. మేట్రన్ గారు నవ్వి, పిచ్చుక వైపు వేలు ఊపింది. పిచ్చుక పత్రిక మడిచి కుర్చీ కింద పెట్టుకుంది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఆడవాళ్ళంతా వరండాలో తింటుండగా, మాస్టారు మడత బల్ల దగ్గర నిలబడి ఐదో భాగం చదువుతున్నాడు. పిల్లని కొండ గుహలో బంధించారు. సేనాపతి వస్తాడా రాడా అన్న చోట స్టోరు గుమాస్తా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మాస్టారి చేయి తనంతట తనే కదిలింది. పక్కనే కొత్తగా మడిచిపెట్టిన ఆకుపచ్చ తువ్వాళ్ళ దొంతరలో, రెండు మడతల మధ్యకి పుస్తకం జారిపోయింది.

"గుడ్డల లారీ వచ్చింది. తానులు తడిసినట్టున్నాయి. మీరొచ్చి చూస్తే గానీ సంతకం పెట్టను" అన్నాడు గుమాస్తా.

మాస్టారు వెళ్ళాడు. అక్కడ తానులు విప్పించి చూసేసరికి గంట పట్టింది. ఆయన వచ్చేలోపు పిచ్చుక ఆ దొంతరని ఎప్పట్లాగే గుడ్డలో చుట్టి, టేపు కట్టి, మిగతా మూటలతో పాటు క్రిములు చంపే ఆవిరి యంత్రానికి పంపేసింది. మూట కట్టేముందు లెక్క సరిచూడాల్సింది మాస్టారే. ఆ రోజు లారీ గొడవలో పడి, అక్కడికే తెచ్చిన చీటీ మీద చూడకుండానే సంతకం గీకాడు.

సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు సంచి తేలిగ్గా ఉందని గమనించాడు. గదంతా వెతికాడు. బీరువాలో ఉందేమోనని, మిషన్ల కింద పడిందేమోనని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. తువ్వాళ్ళ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఆవిరి గదికి వెళ్ళి ఆ మూట విప్పించాలంటే ఏం వెతుకుతున్నాడో చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు. రేపు పొద్దున్నే వచ్చి చూసుకుందామనుకుని వెళ్ళి బస్సెక్కాడు.

పొద్దున ఆయన వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆపరేషన్ బల్ల మీద మనిషికి మత్తిచ్చి, మూట విప్పితే, తువ్వాళ్ళ మధ్య నుంచి పుస్తకం జారి కింద పడింది. ఆ మూటతో పాటు దాని పక్కన పెట్టినవన్నీ పనికిరావని పక్కన పడేశారు. కొత్తవి తెప్పించేసరికి ఇరవై నిమిషాలు. మత్తులో ఉన్న మనిషి ఇరవై నిమిషాలు అలాగే పడున్నాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. సర్జన్ గారు మాత్రం మేట్రన్ గారిని పిలిచి నానా మాటలూ అన్నాడట.

మేట్రన్ గారు కుట్టు గదిలోకి వచ్చి, కటింగ్ బల్ల మీద పుస్తకాన్ని పెట్టింది. ఆవిరికి పేజీలన్నీ ఉబ్బి, పుస్తకం రెట్టింపు లావైంది. తొడుగు ముడుచుకుపోయింది. ఆవిడ రెండు వేళ్ళతో తొడుగుని లాగేసింది. లోపల ఎర్ర దుస్తుల పిల్ల, గుర్రం, చొక్కా లేని కుర్రాడు బయటపడ్డారు.

"ఎవరిదిది?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. మేట్రన్ గారి చూపు నలుగురు ఆడవాళ్ళ మీదే తిరిగింది. మాస్టారి వైపు పొరపాటున కూడా రాలేదు. ఆ సంగతి మాస్టారికి వెంటనే తెలిసింది. తెలిసి, ఒళ్ళంతా చల్లబడినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకునే తరవాత్తరవాత ఆయన ఎక్కువ కుమిలిపోయాడు.

"మూట కట్టింది ఎవరు?"

"నేనేనండీ" అంది పిచ్చుక.

"చదివేదీ నువ్వేగా. మాస్టారు ఎన్నిసార్లు చెప్పారు నీకు? నేనే విన్నాను."

"ఇది నాది కాదండీ."

"మరి ఎవరిది?"

పిచ్చుక బల్ల మీదున్న తొడుగుని చూసింది. తరవాత మాస్టారిని చూసింది. ఆ చూపు ఎంతసేపు నిలిచిందో ఆయనకి తెలియదు. ఆయన మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయిపోతే విప్పి మళ్ళీ చుట్టాడు.

"నాది కాదండీ. అంతే" అంది పిచ్చుక మళ్ళీ. ఆ గలగలలాడే పిల్ల ఇంకో మాట మాట్లాడలేదు.

మర్నాటి నుంచి పిచ్చుకని ఉతుకుళ్ళ షెడ్డుకి వేశారు, మూడు నెలలకి. రోగుల మైలగుడ్డలు ఏరడం, ఉడికిన దుప్పట్లని వేడి రోలర్లలోకి పట్టి ఇస్త్రీ తీయడం అక్కడి పని. కుట్టు చేతులకి పనికొచ్చే పని కాదు. వెళ్ళేటప్పుడు తన కత్తెర, సూదుల డబ్బా సంచిలో పెట్టుకుంది. మాస్టారికి వెళ్ళొస్తానని చెప్పలేదు.

గది ఉన్నట్టుండి పెద్దదైపోయినట్టయింది. అక్కాచెల్లెళ్ళు గుసగుసలు మానేశారు. పెద్దక్క పని అడగడానికి వచ్చినా ఆయన మొహం చూడకుండా, ఆయన చేతులు చూసి మాట్లాడేది. వీళ్ళంతా పిచ్చుక పోయిందని బాధపడుతున్నారని మాస్టారు అనుకున్నాడు. తిండి సయించలేదు. తల దించుకుని బస్సు దిగి, తల దించుకునే ఇంటికి పోయేవాడు. ఒంట్లో బాగోలేదా అని భార్య అడిగితే, ఎండ అన్నాడు.

పదో రోజున ఇక ఉండబట్టలేక మేట్రన్ గారి గదికి వెళ్ళాడు. దారిపొడుగునా చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నాడు. పుస్తకం నాది. రెండే రెండు ముక్కలు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్కలు గొంతులోనే ఉండిపోయి, వాటి బదులు వేరేవి బయటికి వచ్చాయి.

"తప్పు నాదమ్మా. మూట సరిచూడాల్సింది నేను. చూడకుండా సంతకం పెట్టాను. ఆ అమ్మాయిని వెనక్కి పంపించి, శిక్ష నాకెయ్యండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మేట్రన్ గారు కళ్ళద్దాలు తీసి ఆయన్ని చూసింది. ఆవిడ మొహం మెత్తబడింది.

"కింద పనిచేసే పిల్ల కోసం తప్పు మీద వేసుకుంటున్నారు. మీలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు మాస్టారూ? కానీ ఆ పిల్లకి బుద్ధి రావాలి. మీరు వెనకేసుకురాకండి."

అంతటితో పోలేదు. ఆ నెలాఖరు మీటింగులో, అన్ని విభాగాల పెద్దలూ కూర్చుని ఉండగా, ఆవిడ మాస్టారిని లేపి నిలబెట్టి ఈ సంగతి చెప్పింది. పెద్దరికం అంటే ఇలా ఉండాలంది. అందరూ చప్పట్లు కొట్టారు. స్టోరు గుమాస్తా మరీ గట్టిగా కొట్టాడు. మాస్టారు నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, ఆ చప్పట్లు ఆగేదాకా వాటిని భరించాడు. చెంపలు వాయించినా అంత నొప్పి ఉండేది కాదు. కూర్చోబోతుంటే పక్కనున్న నర్సు, "చూడండి, మాస్టారు సిగ్గుపడుతున్నారు" అంది ముచ్చటగా.

అక్కడి నుంచి ఆయన నేరుగా ఉతుకుళ్ళ షెడ్డుకి వెళ్ళాడు. రేకుల కప్పు కింద పొగలు కక్కుతూ రోలర్లు తిరుగుతున్నాయి. పిచ్చుక ఒక కొస, ఇంకొకామె ఒక కొస పట్టి దుప్పటి లోపలికి పంపిస్తున్నారు. ఆమె కుడిచేతి మణికట్టు మీద కాలిన మచ్చ ఎర్రగా మెరుస్తోంది. మాస్టారిని చూసి, పక్కామెతో ఏదో చెప్పి బయటికి వచ్చింది. ఇద్దరూ నీళ్ళ కుళాయి దగ్గర నిలబడ్డారు.

"చెయ్యి కాలిందా?" అన్నాడాయన.

"రోలరుకి తగిలింది. రోజూ ఎవరికో ఒకరికి తగులుతుంది."

"నీకు... నీతో ఒక మాట చెప్పాలి. ఆ పుస్తకం సంగతి."

"మీదేగా" అంది పిచ్చుక.

ఆయన ఉలిక్కిపడి చూశాడు.

"ఆ తొడుగు చూడగానే తెలీదా మాస్టారూ? ఆ మూల మడత, ఆ మూడు కుట్లు మీరు తప్ప ఇంకెవరు వేస్తారు? నాకు ఏడాది నేర్పించారు, రాలేదు. పెద్దక్కకి ముప్పై ఏళ్ళైనా రాలేదు."

"అంటే... పెద్దక్కకీ..."

"పెద్దక్కకి తెలుసు. అక్కాచెల్లెళ్ళకీ తెలుసు. మేట్రన్ గారికి కుట్టు తెలీదు కాబట్టి తెలీలేదు. అంతే."

మాస్టారు కుళాయి గట్టు పట్టుకున్నాడు. ఆ రోజు గది గదంతా తన వైపే చూస్తోందన్నమాట. నలుగురు ఆడవాళ్ళు, నలుగురికీ తెలిసి, ఆయన ఎప్పుడు నోరు విప్పుతాడా అని ఎదురుచూశారు. వాళ్ళెదుటే ఆయన టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఎట్టకేలకి.

"మీరు చెబుతారని చూశాను. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చూశాను. నేనే చెప్పేస్తే రేపు మీ మొహం ఎలా చూడాలా అనుకున్నాను. తీరా ఇప్పుడూ చూడలేకపోతున్నాను." పిచ్చుక గొంతు పెంచలేదు. "నేను సీరియల్ చదివితే చెత్త. మీరు చదివేది మాత్రం బట్ట తొడిగి దాచుకోవాలి. నా పరువు పోయినా పర్లేదు, మీది పోకూడదు. అంతేగా?"

అవుననాలి. అది తప్ప వేరే జవాబు లేదు. మాస్టారు తల మాత్రం ఊపాడు.

"పనుంది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మేట్రన్ గారు మీటింగు నుంచి తన గదికి వచ్చి, కాగితాలు సర్దుకుంటోంది. మాస్టారు తలుపు కూడా తట్టలేదు.

"పుస్తకం నాదమ్మా."

"ఏ పుస్తకం?"

"తువ్వాళ్ళలో దొరికింది. అది నాది."

"మీ ఆవిడదా?"

"నాదే. నేనే చదువుతాను. గుమాస్తా వస్తే చూస్తాడేమోనని తువ్వాళ్ళలో నేనే దాచాను. ఆ తొడుగు కూడా నేను కుట్టిందే. పిచ్చుక దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నాలుగేళ్ళుగా నా దగ్గర పనిచేసే పిల్ల, నేను నోరు మూసుకున్నానని తనూ నోరు మూసుకుంది."

కోపం రావాల్సిన చోట మేట్రన్ గారికి ముందు అయోమయం వచ్చింది. సొరుగులోంచి ఉబ్బిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏముంటుంది మాస్టారూ?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. చెప్పడానికి ప్రయత్నించాడు. పడవవాడి కూతురన్నాడు. గాలిని ఎత్తుకుపోయారన్నాడు. గాలిని ఎలా ఎత్తుకుపోతారని ఆవిడ అడిగింది. ఒక శంఖంలో, అన్నాడు. ఆ శంఖం సేనాపతి దగ్గరుంటుందన్నాడు. ఆ మాటలు తన నోట్లోంచి బయటికి వస్తుంటే, ఒక్కోటీ చవకబారుగా, పిచ్చివాగుడులా వినిపించింది. బస్సులో తనకి కళ్ళనీళ్ళు తెప్పించిన చోటు చెప్పబోయి, సగంలో ఆపేశాడు. చెవులు కాలిపోతున్నాయి.

"దీనికోసమా" అంది మేట్రన్ గారు. ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. "దీనికోసం ఆ పిల్లని రోలర్ల దగ్గర నిలబెట్టారా? ఇందాక అంతమందిలో చప్పట్లు కొట్టించుకున్నారే."



మర్నాడు పొద్దున పిచ్చుక కుట్టు గదికి తిరిగి వచ్చింది. గది పెద్దరికం పెద్దక్కకి ఇచ్చారు. మాస్టారికి మూడు నెలలు ఉతుకుళ్ళ షెడ్డు. వెళ్ళేముందు ఆయన నలుగురి ముందూ నిలబడి, "నేను చేసింది నీచమైన పని. మీ అందరికీ తెలిసిన పనే. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు" అన్నాడు. అక్కాచెల్లెళ్ళు తలలు దించుకున్నారు. పెద్దక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పిచ్చుక మాత్రం సూటిగా చూస్తూ, "ఈ మాట ఆ రోజే అని ఉంటే నా చెయ్యి కాలేది కాదు మాస్టారూ" అని, మిషను ముందు కూర్చుంది.

ఇంట్లో భార్యకి ఆ సాయంత్రమే చెప్పాడు. కటింగ్ పుస్తకం కటింగ్ పుస్తకం కాదనీ, లోపల రెక్కల గుర్రాలుంటాయనీ విని ఆవిడ ముందు నమ్మలేదు. నమ్మాక నవ్వడం మొదలుపెట్టింది. మంచం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆరేళ్ళ నుంచా? పక్కనే కూర్చుని? నేనేమో పాపం పని మీద ఎంత శ్రద్ధో అనుకుంటున్నాను." లేని కూతురి సంగతి చెబితే, కళ్ళలోంచి నీళ్ళొచ్చేదాకా నవ్వి, డిగ్రీ అయిపోయిందిగా, ఇక సంబంధాలు చూడమంది. మాస్టారికి కూడా నవ్వొచ్చేలా ఉంది. అప్పుడు పిచ్చుక సంగతి చెప్పాడు. చెబుతున్న కొద్దీ ఆవిడ నవ్వు తగ్గింది, తరవాత ఆగిపోయింది.

"ఆ పిల్ల చెయ్యి కాల్చుకుందా?" అంది.

"ఊఁ."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నం పెట్టింది, పెరుగు వేసింది. రెండు రోజులు ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడింది.

సంగతి ఆసుపత్రంతా పాకడానికి వారం పట్టలేదు. మనిషి పొద్దున గేటు దాటితే చాలు, ఎవరో ఒకరు, "మాస్టారూ, గుర్రం ఎక్కడ కట్టేశారు?" అనేవాళ్ళు. రోలర్ల దగ్గర కుర్రాళ్ళు ఆయనకి సేనాపతి అని పేరు పెట్టారు. దాన్ని ఆయన భరించాడు. విచిత్రం ఏమిటంటే, ఆరేళ్ళుగా దేనికి భయపడ్డాడో అది వచ్చి మీద పడ్డాక, అదేమంత బరువుగా లేదు. నాలుగు రోజులు నవ్వారు, ఐదో రోజు మానేశారు. ఈపాటి దానికోసమా అని ఆయనకే అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా పిచ్చుక మణికట్టు మీది మచ్చ కళ్ళముందుకొచ్చేది. అది మాత్రం ఐదో రోజుతో పోలేదు. మూడు నెలలతోనూ పోలేదు.

వానలు పడ్డాక ఆయన్ని కుట్టు గదికి తిరిగి పంపారు, మామూలు పనివాడుగా. కిటికీ పక్కన పాత మిషను ఇచ్చారు. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేయడం పని. పెద్దక్క పని చెబితే, సరే అక్కా అని చేసేవాడు. పిచ్చుక ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది. దారం అయిపోయింది మాస్టారూ, ఆ కత్తెర ఇటివ్వండి మాస్టారూ. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఒకప్పుడు ఆ పిల్ల నోరు మూయించడానికి ఆయన నానా తంటాలూ పడేవాడు.

ఆరో భాగం ఆయన పుస్తకాలాయన దగ్గరే కొన్నాడు. "అమ్మాయికేనా?" అని అడిగితే, "నాకే. నాకు అమ్మాయి లేదు" అన్నాడు. పుస్తకాలాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, పుస్తకాన్ని కాగితంలో చుట్టబోయాడు. చుట్టక్కర్లేదన్నాడు మాస్టారు. బస్సులో అట్ట పైకి కనబడేలా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురు సీటులో కాలేజీ పిల్లలు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆయన చెవులు వేడెక్కాయి. అయినా పేజీ తిప్పాడు.

గదిలోనూ మధ్యాహ్నం అలాగే, అందరి ఎదుటా కూర్చుని చదివేవాడు. మొదటి వారం ఎవరూ పలకరించలేదు. రెండో వారంలో ఒక రోజు పెద్దక్క డబ్బా మూత పెడుతూ, "ఏమైంది మాస్టారూ ఆ పిల్లకి? గాలి దొరికిందా?" అంది.

ఎగతాళి చేస్తోందేమోనని ఆయన తలెత్తి చూశాడు. ఎగతాళి కాదు. అక్కాచెల్లెళ్ళు కూడా తినడం ఆపి చూస్తున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. మేట్రన్ గారి గదిలోలా తడబడుతూనే చెప్పాడు. శంఖం దగ్గర మళ్ళీ చెవులు కాలాయి. అయినా ఆపలేదు. పడవలన్నీ ఒడ్డున పడి ఉన్న చోట చెల్లెలు, "అయ్యో, మరి వాళ్ళు తిండికేం చేశారు?" అని అడిగింది. చేపలు ఎండబెట్టుకున్నారని చెప్పాడు.

పిచ్చుక ఆ వేళకే తినేసి, గది చివర మిషను మీద కూర్చుని తువ్వాళ్ళకి అంచులు కుడుతోంది. కథ సాగినంతసేపూ ఆమె మిషను ఆగలేదు. మాస్టారు ఆ చప్పుడు వింటూనే, దాని మీద నుంచి కొంచెం గొంతు పెంచి చెబుతూ పోయాడు.